ఆరుబయలు చిత్రకారులూ, పొలంలోని మనిషీ

పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకళను గురించి చెప్పుకునే కథ ఒకటి బాగా ప్రచారంలో ఉంది. అంతకు ముందు చిత్రకారుడు నాలుగు గోడల మధ్య కూర్చుని గ్రీకు దేవతలనూ, రోమను వీరులనూ చిత్రించుకుంటూ ఉండేవాడు, ఒకనాడు విసుగెత్తి, రంగులపెట్టె చంకన పెట్టుకుని ఆరుబయటికి వచ్చాడు, వెలుతురును చూశాడు, నాటి నుంచి చిత్రకళకు స్వేచ్ఛ లభించింది. కళాచరిత్ర గ్రంథాలు చాలావరకు ఈ కథనే కొద్ది మార్పులతో చెబుతాయి. ఇందులో అబద్ధమంటూ పెద్దగా లేదు. కాని తలుపు తెరుచుకోవడానికి కారణమేమిటో, బయటికి వచ్చినవాడు ఏది చూశాడో, ఏది చూడకుండా వదిలేశాడో ఈ కథ చెప్పదు. మనకు కావలసింది అదే.

ఈ ప్రశ్న చిత్రకారులకు మాత్రమే సంబంధించినది కాదు. రచయిత పల్లెకు వెళ్లి నాలుగు రోజులుండి వచ్చి రాశాడు గనక అది వాస్తవిక రచన అయి తీరాలన్న వాదం మన సభల్లోనూ వినబడుతూనే ఉంటుంది. అక్కడికి వెళ్లడం వేరు, అక్కడ ఉన్నదాన్ని చూడడం వేరు. ఫ్రెంచి చిత్రకారుల అనుభవంలో ఈ తేడా కంటికి కనిపించేంత స్పష్టంగా ఉంది.

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. ఆరుబయట కూర్చుని రంగులు వేయడం ఇంప్రెషనిస్టులు కనిపెట్టినది కాదు. వలాంసియెన్ (1750-1819) అనే చిత్రకారుడు 1780ల్లోనే రోము పరిసరాల్లో కాగితం మీద తైలవర్ణాలతో మబ్బులనూ, ఇళ్ల కప్పులనూ చిత్రించాడు. 1800 ప్రాంతంలో వెలువడిన తన గ్రంథంలో ఆయన శిష్యులకు ఇచ్చిన సలహా గమనించదగ్గది. వెలుతురు మారిపోతుంది గనక ఏ దృశ్యం ముందూ రెండు గంటలకు మించి కూర్చోవద్దన్నాడు. సూర్యోదయ సూర్యాస్తమయాలకైతే అరగంటే గడువన్నాడు. మోనే తరువాత చేయబోయే పనికి సూత్రం ఎన్నో దశాబ్దాల ముందే తయారై ఉందన్నమాట. అయితే వలాంసియెన్ దృష్టిలో అవి చిత్రాలు కావు. కవి జేబులో పెట్టుకు తిరిగే చిత్తుపుస్తకం వంటివి. అసలు చిత్రం స్టూడియోలో తయారు కావాలి. అందులో ఏ పురాణ పాత్రో, ఏ రోమను సేనానో ఉండి తీరాలి.

దీనికి కారణం అకాడమీ పాటించిన అంతస్తులు. చరిత్ర, పురాణ గాథలు పై మెట్టు. ప్రకృతి దృశ్యం, పళ్లూ పాత్రలూ కింది మెట్లు. మనుషులను అంతస్తులుగా విభజించుకున్న సమాజం చెట్టుకూ పుట్టకూ కూడా అంతస్తు నిర్ణయించింది. 1816లో ప్రకృతి చిత్రణకంటూ ఒక రోము బహుమతి ఏర్పాటైతే అయింది గాని, అదీ నాలుగేళ్లకొకసారి, అదీ 'చారిత్రక ప్రకృతి దృశ్యం' పేరిట. చెట్టు కింద ఒక వీరుడు నిలబడితే తప్ప చెట్టుకు బహుమతి లేదు. 1863లో ఆ బహుమతిని రద్దు చేశారు. అప్పటికి అది ఎవరికీ పట్టని విషయమైపోయింది.

కోరో (1796-1875) రెండు పద్ధతుల మధ్య నిలిచినవాడు. తండ్రి బట్టల వర్తకంలో ఉన్నవాడు, తల్లి టోపీల దుకాణం నడిపేది. వాళ్లిచ్చిన భత్యం మీద ఆయన 1825లో ఇటలీ వెళ్లాడు. మరుసటేడు నార్నీ దగ్గర కూలిపోయిన రోమను వంతెనను అక్కడే కూర్చుని చిన్న బొమ్మగా వేశాడు. దాన్నే 1827లో సలోన్ అనే ప్రభుత్వ ప్రదర్శన కోసం పెద్ద కాన్వాసు మీదికి ఎక్కించినప్పుడు గొర్రెల కాపరులూ, మేకలూ వచ్చి చేరారు. చిన్న బొమ్మ ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది. విమర్శకులు మెచ్చుకునేదీ దాన్నే. ఆనాడు మాత్రం అది గోడకు తగిలించదగిన వస్తువు కాదు.

మరి చిత్తుపుస్తకం చిత్రం ఎలా అయింది? ప్రతిభావంతులకు కొత్త చూపు కలిగింది అని భావవాదులు సమాధానం చెబుతారు. చూపు ఆకాశంలోంచి ఊడిపడదు. అంతవరకు చిత్రకారుడు నూరిన రంగును పంది మూత్రకోశంతో చేసిన చిన్న తిత్తిలో కట్టి ఉంచుకునేవాడు. మేకుతో పొడిచి పిండుకోవాలి, మళ్లీ మేకుతోనే మూయాలి. దారిలో పగిలితే బట్టలన్నీ పాడు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికను చిత్రకారుడు, లండనులో ఉంటూ, మూత బిగించుకోగలిగిన తగరపు గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ మనం పళ్లపొడికి బదులు వాడే పేస్టు గొట్టానికి పెద్దన్న అది. రంగులు కూడా మారాయి. అంతకు ముందు మేలైన నీలం అంటే ఆఫ్ఘనిస్తానపు బదక్షాన్ గనుల నుంచి వచ్చిన రాతిని నూరినదే. దాని ధర బంగారంతో పోల్చేంతటిది. 1820ల చివర గిమే అనే రసాయనవేత్త అదే నీలాన్ని కొలిమిలో తయారు చేసి 6,000 ఫ్రాంకుల బహుమతి పొందాడు. మన ఇళ్లల్లో తెల్లబట్టలకు పెట్టుకునే నీలిమందు పొడి చాలావరకు ఈ జాతిదే. మోనే చిత్రాల్లోని నీలి నీడలను గురించి పరవశంతో రాసేవాళ్లు ఈ కొలిమిని కూడా తలుచుకుంటే బాగుండును.

మూడోది రైలు. 1849లో పారిసు నుంచి ఫోంటెన్‌బ్లోకు రైలుమార్గం పడింది. సుమారు 60 కిలోమీటర్ల దూరాన ఉన్న అడవి పారిసు గృహస్థుకు ఆదివారపు విహారస్థలమైంది. దెనకూర్ అనే మాజీ సైనికుడు అడవిలో బాటలు గుర్తులు వేసి, మార్గదర్శక పుస్తకాలు అచ్చు వేసి అమ్మాడు. ఎండా పొగా లేని ఊరి బొమ్మను తన గదిలో తగిలించుకోవాలనే కోరిక, దాన్ని కొనే స్తోమత రెండూ ఉన్న మధ్యతరగతి తయారైంది. రాజాస్థానమూ, చర్చీ కొనే నిలువెత్తు చిత్రాలకు బదులు చిన్న చిత్రాలకు అంగడి ఏర్పడింది. చిత్రకారుడు బయటికి వచ్చింది ఈ అంగడిలోకి కూడాను.

ఇక ఆ అడవి సంగతి. దాని అంచున ఉన్న బార్బిజాన్ అనే పల్లెలో గాన్ దంపతుల పూటకూళ్లింట్లో 1830ల నుంచి చిత్రకారులు దిగుతూ ఉండేవారు. వాళ్లలో పెద్ద తెయొడోర్ రూసో (1812-1867). తత్వవేత్త రూసోతో ఇతనికి సంబంధం లేదు. 1836 నుంచి 1841 దాకా సలోన్ న్యాయనిర్ణేతలు ఆయన చిత్రాలను తిప్పికొడుతూ వచ్చారు. ఒక ఓక్ చెట్టును రాజును చిత్రించినంత శ్రద్ధగా చిత్రించడం ఆయన నేరం. అడవిలో చెట్లు కొట్టే దృశ్యాన్ని వేసి దానికి 'అమాయకుల ఊచకోత' అని బైబిలు పేరు పెట్టాడు. పాత ఓక్ చెట్లను నరికి వరసలు తీర్చి పైన్ మొక్కలు నాటుతున్న ప్రభుత్వ అటవీశాఖ మీద 1852లో అధికారులకు విజ్ఞప్తి పంపాడు. ఫలితంగా 1853లో 624 హెక్టార్లు, 1861 శాసనంతో మొత్తం 1,097 హెక్టార్లు కళాకారుల కోసం నరకకుండా కేటాయించారు. అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కు ఏర్పడింది 1872లో. దానికి పదకొండేళ్ల ముందే చిత్రకారుల కోరిక మీద ఒక అడవి రక్షణ పొందింది. ఇది చిన్న విజయం కాదు, రూసోకు మనం నమస్కరించవలసిందే.

కాని అదే అడవికి మరొక చరిత్ర ఉంది. 1827 నాటి ఫ్రెంచి అటవీ చట్టం పల్లెజనం తరతరాలుగా అనుభవిస్తున్న మేత హక్కులనూ, కట్టె హక్కులనూ బిగించివేసింది. దక్షిణాన ఆరియేజ్ జిల్లాలో రైతులు ఆడవేషాలు వేసుకుని, ముఖాలకు మసి పూసుకుని 1829 నుంచి 1832 దాకా అటవీ ఉద్యోగుల మీద తిరగబడ్డారు. సరిహద్దుకు ఆవల రైన్ ప్రాంతంలో ఎండుకట్టె ఏరుకోవడాన్ని దొంగతనంగా చేసిన చట్టాన్ని గురించి 1842లో యువకుడైన మార్క్స్ పత్రికలో వ్యాసాలు రాశాడు; ఆర్థిక సమస్యల వైపు తనను మొదట తిప్పినవాటిలో అది ఒకటని తరువాత ఆయనే చెప్పుకున్నాడు. చిత్రకారుడికి చెట్టు అందం. అటవీశాఖకు కలప. కట్టెలమోపు నెత్తిన పెట్టుకున్న ఆడమనిషికి అది పొయ్యిలో మంట. ముగ్గురిలో మొదటివాడి విజ్ఞప్తి పై అధికారుల దాకా వెళ్లింది.

ఆ కట్టెలమోపును చూసినవాడు ఉన్నాడు. అతడు మిలే (1814-1875). నార్మండీలో గ్రూషీ అనే కుగ్రామంలో రైతు కుటుంబంలో పుట్టి, పొలం పనులు చేసి పెరిగినవాడు. 1849లో పారిసులో కలరా ఉన్న రోజుల్లో పెళ్లాం పిల్లలతో బార్బిజాన్ చేరి చివరిదాకా అక్కడే ఉన్నాడు. 'విత్తనం చల్లే మనిషి' 1850లో, 'గుద్దలి మీద వాలిన మనిషి' 1860-62లో వేశాడు. 1857లో సలోన్‌లో పెట్టిన చిత్రానికి తెలుగులో చక్కని పేరు సిద్ధంగా ఉంది: 'పరిగె ఏరుకునే స్త్రీలు'. కోత అయిపోయిన చేలో రాలిన గింజను ఏరుకోవడం ఫ్రాన్సులోనూ పేదల పాత హక్కే. పొద్దు ఉన్నంతసేపే ఏరుకోవాలని కట్టడి కూడా ఉండేది.

ఆ చిత్రాన్ని ఒకసారి జాగ్రత్తగా చూడండి. (మనలో చాలామందిమి దాన్ని అచ్చులోనే చూసి ఉంటాం. రంగుల విషయంలో నా మాటను ఆ మేరకే నమ్మాలి.) వెనక దూరాన బంగారు వెలుతురులో కోత సాగుతోంది. కుప్పలు లేస్తున్నాయి, బండి నిండుతోంది, గుర్రం మీద కామందు మనిషి అజమాయిషీ చేస్తున్నాడు. కాని అదంతా అరచేతిలో పట్టేంత. ముందు భాగమంతా ముగ్గురు ఆడవాళ్లది. ఇద్దరు నేలకు వంగి ఉన్నారు, మూడో ఆమె సగం నిటారై మళ్లీ వంగబోతోంది. వంగిన ఇద్దరూ క్షితిజరేఖ దాటి పైకి రారు. నేల వాళ్లను పట్టుకుని ఉన్నట్టుంటుంది. ఒకామె చెయ్యి నడుం వెనక్కి ఉంది. పరిగె ఏరినవాళ్లకు ఆ చెయ్యి అక్కడెందుకుందో తెలుసు. సంపద దూరాన వెలుతురులో చిన్నదిగా, శ్రమ దగ్గరగా నీడలో పెద్దదిగా కనబడడం మామూలు పొందిక కాదు. ఆనాటి విమర్శకుడొకడు ఆ ముగ్గురి వెనక 1793 నాటి ఈటెలూ, ఉరికంబాలూ తనకు కనిపిస్తున్నాయని భయపడ్డాడు. వర్గశత్రువు కొన్నిసార్లు మన విమర్శకుల కంటె చురుగ్గా చదువుతాడు.

ఇక్కడే ఆ ప్రచారంలో ఉన్న కథ తలకిందులవుతుంది. బార్బిజాన్ వారిలో శ్రమను అందరి కంటె లోతుగా చూసిన మిలే ఆరుబయట కూర్చుని తైలచిత్రాలు వేసినవాడు కాడు. పొలం గట్ల వెంట తిరిగేవాడు, రెండు గీతలు గీసుకునేవాడు, ఇంటికి వచ్చి స్టూడియోలో జ్ఞాపకం మీద చిత్రించేవాడు. చూసినదంతా వేయకుండా, వేయవలసింది ఏరుకోవడానికి ఆయనకు గోడలు అడ్డం రాలేదు. అలాగని ఆయనను సోషలిస్టు అనడానికీ వీల్లేదు. ఆ మాట ఆయన ఒప్పుకోలేదు. 1871లో పారిసు కమ్యూను కాలపు కళాకారుల సమాఖ్య తన పేరు చేర్చుకుంటే దాన్ని నిరాకరించాడు. బాల్జాక్ రాజకీయాలు వేరు, ఆయన నవలలు చూపించిన సత్యం వేరు అని 1888లో ఎంగెల్స్ మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరం చదివినవారికి ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు.

కూర్బే (1819-1877) సంగతి ఇంకా విచిత్రం. 1849 చివర ఆయన సొంతూరు ఓర్నాన్ దగ్గర ప్రకృతి దృశ్యం చిత్రించడానికే బండిలో బయలుదేరాడు. దారి పక్కన ఒక ముసలివాడూ, ఒక కుర్రవాడూ రోడ్డుకు కంకర కొడుతున్నారు. బండి ఆపాడు. వాళ్లను మర్నాడు తన స్టూడియోకు రమ్మన్నాడు. 'రాళ్లు కొట్టేవాళ్లు' అనే ఆ పెద్ద చిత్రం అలా గదిలోనే తయారైంది. ముఖాలు రెండూ సరిగా కనబడవు. చిరిగిన మేజోళ్లూ, అతుకుల చొక్కాలే కనబడతాయి. అది 1945లో డ్రెస్డెన్ బాంబుదాడుల కాలంలో నాశనమైంది. ఇప్పుడు ఫోటోలే మిగిలాయి. కమ్యూనులో పాల్గొన్నందుకు కూర్బేకు ఆరునెలల జైలు పడింది. కూలగొట్టిన వాందోమ్ స్తంభాన్ని తిరిగి నిలబెట్టే ఖర్చు, మూడు లక్షల ఫ్రాంకుల పైచిలుకు, ఆయన నెత్తిన వేశారు. స్విట్జర్లండులో ప్రవాసిగా 1877 డిసెంబరు 31న చనిపోయాడు.

మిలే చనిపోయిన పధ్నాలుగేళ్లకు, 1889లో, ఆయన చిత్రం 'సంధ్యా ప్రార్థన' వేలంలో 5,53,000 ఫ్రాంకులు పలికింది. అందులో ఆయన కుటుంబానికి ఒక్క ఫ్రాంకు రాలేదు. చిత్రం చేతులు మారినప్పుడల్లా చిత్రకారుడికీ వారసులకూ కొంత భాగం ముట్టాలని ఫ్రెంచి చట్టం వచ్చింది 1920లో.

ఇక ఇంప్రెషనిస్టులు. వాళ్లతో ఆరుబయట చిత్రించడం ఒక పద్ధతి స్థాయి దాటి ఒక వ్రతమైంది. క్లోద్ మోనే (1840-1926) 1866లో 'తోటలో స్త్రీలు' అనే రెండున్నర మీటర్ల కాన్వాసును బయటే పూర్తి చేయాలని పట్టుబట్టి, పై భాగం అందడానికి నేలలో కందకం తవ్వించి కాన్వాసును దానిలోకి దించాడు. చివరికి దాన్నీ గదిలోనే ముగించవలసి వచ్చిందనుకోండి. 1867 సలోన్ దాన్ని తిరస్కరించింది. మిత్రుడు బాజీల్ 2,500 ఫ్రాంకులకు, నెలకు 50 చొప్పున వాయిదాల మీద కొన్నాడు. బాజీల్ 1870 నవంబరులో ప్రష్యా యుద్ధంలో చనిపోయాడు.

1874 ఏప్రిల్ 15న ఫోటోగ్రాఫరు నదార్ పాత స్టూడియోలో వాళ్ల మొదటి ప్రదర్శన జరిగింది. పత్రికల ఎగతాళి కథ అందరూ రాసిందే, నేను మళ్లీ రాయను. అది ఒక సహకార సంఘం పెట్టిన ప్రదర్శన అన్న సంగతి మాత్రం ఎక్కువమంది రాయరు. సభ్యుడికి ఏడాదికి 60 ఫ్రాంకుల చందా. నిబంధనలు తయారు చేయడానికి పిస్సారో తన ఊరు పొంత్వాజ్‌లోని రొట్టె పనివారి సంఘం నియమావళిని నమూనాగా తెచ్చాడు. న్యాయనిర్ణేతలు లేరు, బహుమతులు లేవు. డిసెంబరులో లెక్క చూసుకుంటే తలకు 184 ఫ్రాంకుల 50 సాంతీములు అప్పు తేలింది; సంఘం రద్దయింది. ఓడిపోయినా అకాడమీ గుమ్మం ముందు నిలబడకుండా చిత్రకారులు తమంతట తాము కూడిన సందర్భమది. నాకు వాళ్ల నీలి నీడల కంటె ఇది తక్కువ విలువైనదిగా తోచదు.

కాని వాళ్లు బయట ఏం చూశారు? మోనే 1871 చివరి నుంచి 1878 దాకా అర్జాంతేయ్‌లో ఉన్నాడు. పారిసుకు రైలులో పావుగంట దూరం. ఒక పక్క పడవల పందేలు, మరొక పక్క ఇనుప పని కర్మాగారాలు. పందేల తెరచాపలు ఆయన కాన్వాసుల నిండా ఉన్నాయి. పొగగొట్టాలు దూరాన సన్నని గీతల్లా, అందంగా కలిసిపోయి ఉన్నాయి. ఆ పొగ కింద పనిచేసేవాడు లేడు. వెలుతురు చెట్టు మీద పడ్డా, వంతెన మీద పడ్డా, ఓడ మీద పడ్డా ఒకటే అనే సూత్రంలో గొప్ప ప్రజాస్వామ్యం ఉంది. అకాడమీ మెట్లను అది నిజంగా కూల్చింది. ఆ సూత్రంలోనే కామందూ, కూలీ కూడా రెండు రంగు మచ్చలుగా సమానమైపోయే ప్రమాదమూ ఉంది.

ఒక్కసారి ఆయన చూశాడు. 1875లో ఆనియేర్ దగ్గర సేన్ నది ఒడ్డున పడవల్లోంచి బొగ్గు దింపే కూలీలను వేశాడు. ఒడ్డుకు వేసిన సన్నని పలకల మీద గంపలతో ఎక్కేవాళ్లు, ఖాళీ గంపలతో దిగేవాళ్లు, వెనక పొగగొట్టాలు, పైన వంతెన మీద దారిన పోయే జనం. వరస ఎక్కడా తెగదు. మోనే జీవితమంతటి చిత్రాల్లో ఇలాంటిది వెదికినా దొరకడం కష్టం. అదే ఏడు వాళ్ల మిత్రుడు కాయ్‌బోత్ ఒక గదిలో మోకాళ్ల మీద కూర్చుని చెక్కనేలను చిత్రిక పట్టే ముగ్గురు పనివాళ్లను వేశాడు. ఆ గది కిటికీలోంచి వచ్చే వెలుతురు వాళ్ల వీపుల మీద పడుతుంది. ఆరుబయలు కాదు గనక దాన్ని తీసిపారేద్దామా?

బయటికి వెళ్లడం అందరికీ సమానంగా సాధ్యం కూడా కాలేదు. పశువుల సంతలకు వెళ్లి చిత్రించడానికి రోజా బొనేర్ ప్యాంటు తొడుక్కోవాలంటే పోలీసుల అనుమతిపత్రం తీసుకోవలసి వచ్చింది. బెర్త్ మొరిజో తోటల్లోనూ, వరండాల్లోనూ ఎక్కువగా చిత్రించిందని ఆక్షేపించేవాళ్లు ఆమె ఒంటరిగా ఎక్కడిదాకా నడవగలిగేదో ఆలోచించరు.

1890-91లో మోనే వేసిన ప్రసిద్ధ చిత్రాలను మనవాళ్లు గడ్డివాములంటారు. వ్యవసాయం తెలిసిన తెలుగువాళ్లం ఈ పొరపాటు చేయగూడదు. అవి వాములు కావు, కుప్పలు. నూర్పుకు ముందు పేర్చిన గోధుమ కుప్పలు, ఒక రైతు ఏడాది కష్టం. పొద్దున, మధ్యాహ్నం, మంచులో, ఎండలో ఆ కుప్పల మీద వెలుతురు మారడాన్ని ఆయన పట్టుకున్న తీరు అసాధారణం. అది కాదనేవాడికి కళ్లు లేవు. 1891 మేలో ప్రదర్శించిన పదిహేనింటిలో కోసినవాడు గాని, మోసినవాడు గాని, పేర్చినవాడు గాని కనబడడు. అదే ఏడు ఎప్త్ నది ఒడ్డున పాప్లర్ చెట్లను వేస్తూ ఉండగా లిమెట్స్ గ్రామం వాటిని కలపకు వేలం వేసింది. మోనే కలప వర్తకుడితో ఒప్పందం చేసుకుని, డబ్బిచ్చి, బొమ్మలు పూర్తయ్యేదాకా చెట్లను నిలబెట్టించాడు. తరువాత కొట్టేశారు. రూసో తనవాళ్లందరి పేర ప్రభుత్వాన్ని అడిగాడు; నలభై ఏళ్లకు అదే పని ఒక్కడి డబ్బుతో, ఒక్కడి అవసరం ఉన్నంతకాలానికే జరిగింది.

పిస్సారో (1830-1903) ఈ రెంటి మధ్యా పెనుగులాడాడు. డెన్మార్కు ఏలుబడిలోని సెయింట్ థామస్ దీవిలో పుట్టినవాడు, అరాజకవాది, 1889-90లో పెట్టుబడిదారీ సమాజం మీద 28 కలం బొమ్మలు వేసి తన కుటుంబంలోని యువతులకు పంపాడు. ఆయన పొంత్వాజ్ దృశ్యాల్లో బాట ఉంటే దాని మీద నడిచే మనిషి ఉంటాడు, పాదు ఉంటే దాన్ని తవ్వే మనిషి ఉంటాడు. వెలుతురును వదలకుండా మనిషిని నిలబెట్టడానికి ఆయన పడ్డ శ్రమ ఆ చిత్రాల్లో తెలుస్తుంది. కొన్నిచోట్ల అతుకు కూడా కనబడుతుంది.

చివరి ఏళ్లలో ఆయనకు కంటి జబ్బు ముదిరింది. గాలీ, దుమ్మూ తగలగూడదన్నారు. ముప్ఫై ఏళ్లు ఆరుబయట చిత్రించిన మనిషి హోటలు గది కిటికీ వెనక కూర్చోవలసి వచ్చింది. 1896లో రూఆన్ నగరంలో అలా కూర్చుని కిందికి చూశాడు. బోయెల్ద్యూ వంతెన, దాని మీద ఇసుక వేస్తే రాలనంత జనం, బండ్లు. ఒడ్డున ఆవిరిపడవలు, పొగ, దిగుమతి సరుకు, దాన్ని మోసే మనుషులు. వానలో ఒకసారి, పొగమంచులో ఒకసారి, పొద్దు వాలుతున్నప్పుడు ఒకసారి, అదే కిటికీలోంచి, అదే వంతెనను మళ్లీ మళ్లీ వేశాడు.